గుమ్మడికాయకు తగలని తూటా

మా నాన్న అబద్ధాలు చెప్పే మనిషి కాదు. ఆయన చెప్పేవన్నీ ఆయన నమ్మినవే. చిక్కంతా అక్కడే ఉంది. క్రితం ఆదివారం నేరేడ్‌మెట్‌లో వాళ్ళ ఫ్లాట్‌కి భోజనానికి వెళ్ళాం. మా ఆయన శ్రవణ్ పప్పన్నం కలుపుకుంటూ, "మామయ్యా, నేను సుత రైఫిల్ లైసెన్స్‌కి అప్లై చేసిన" అన్నాడు. ఆ సంగతి నాకు కూడా అప్పుడే తెలిసింది. శ్రవణ్ స్నేహితుడు ఒకడు ఊరి బయట పొలం కొన్నాడు, మక్కచేలో అడవి పందులు పడుతున్నాయి, వారాంతాల్లో వీళ్ళు వెళ్ళి పొలాన్ని కాపాడతారట. వారం పొడవునా కుర్చీలోంచి లేవని మనుషులు. నాన్న ముఖంలో ఎన్నో ఏళ్ళుగా చూడని వెలుగు కనిపించింది. చేతిలో ముద్ద అలాగే ఉంచి, "కొంటే పెద్దదే కొనాలి బాబూ" అన్నాడు. "చిన్నది కొని తర్వాత ఏడ్చిన వాళ్ళని చాలామందిని చూశాను. నేను మొదటిసారే త్రీ ఫిఫ్టీన్ బోర్ కొన్నాను. ఒక్క తూటా. అంతే. అడవి పంది మళ్ళీ మా తోట వైపు చూడలేదు."

అక్కడ పంది లేదు. ఉన్నది ఒక బూడిద గుమ్మడికాయ. దానికి కూడా తగల్లేదు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను, నాకు తొమ్మిదేళ్ళు. అమ్మ కూడా ఉంది. ఆదివారం కూడా అమ్మ అక్కడే, నాన్న వెనకాలే నిలబడి, "ఇంకొంచెం పెరుగు వేసుకో బాబూ" అని అల్లుడికి వడ్డిస్తోంది. మగవాళ్ళు చెప్పుకునే వేట కథల్లో జంతువు ఎప్పుడూ పారిపోతుంది. చచ్చిందంటే చూపించాలి కదా.

అందుకని, ఆ తుపాకీ మా ఇంటికి ఎలా వచ్చిందో, వచ్చి ఏం చేసిందో, కథగా మారిపోకముందే రాసి పెట్టుకుందామని కూర్చున్నాను. మా పాప మేఘ నిద్రపోయింది. దానికి నాలుగేళ్ళు. మూతలు, తాళాలు, గడియలు అన్నీ తన కోసమే తయారుచేశారని దాని నమ్మకం. పిల్లలు తెరవలేరని సీసా మీద రాసి ఉన్న మందుసీసాని నాకంటే ముందు అదే తెరిచింది. గ్యాస్ కట్టానో లేదో చూసి, బాల్కనీ గడియ చూసి, మళ్ళీ గ్యాస్ చూసి వచ్చాను. ఇది నా జబ్బు అంటాడు శ్రవణ్. కావచ్చు. ఇలాంటి పిల్ల ఉన్న ఇంట్లోకి రైఫిల్ తెచ్చుకోవాలనుకోవడానికి ఏం పేరో మాత్రం ఆయన చెప్పలేదు.

మేము అప్పట్లో సైనిక్‌పురిలో ఉండేవాళ్ళం. నాన్నది కోస్తా. సికింద్రాబాద్ వచ్చి రాణీగంజ్‌లో నీటి మోటార్ల వ్యాపారం పెట్టి, బాగానే సంపాదించి, సైనికాధికారుల కాలనీలో ఇల్లు కొన్నాడు. ఆ వీధిలో ప్రతి గేటు మీదా పేరుకు ముందు ఒక హోదా ఉండేది. కల్నల్ ఫలానా, మేజర్ ఫలానా. నాన్న పేరుకు ముందు పెట్టుకోవడానికి ఏమీ లేదు కాబట్టి పేరు తర్వాత బి.కాం. అని చెక్కించుకున్నాడు. సాయంత్రం దుకాణం నుంచి గ్రీజు వాసనతో వచ్చి, వేన్నీళ్ళతో స్నానం చేసి, ఇస్త్రీ చేసిన తెల్ల పైజమా వేసుకుని వరండాలో కూర్చునేవాడు. నడకకు వెళ్ళే రిటైర్డ్ అధికారులు గేటు దగ్గర ఆగితే ఆయన లేచి నిలబడే తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఎవరూ లేవమనేవాళ్ళు కాదు. కూర్చోమనీ అనేవాళ్ళు కాదు.

శామీర్‌పేట దాటాక మాకు నాలుగెకరాల తోట ఉండేది. ఒక వానాకాలం పందులు వచ్చి మక్కచేను తొక్కేశాయి. ఒక్కసారే వచ్చాయి. మా తోట చూసుకునే ఆయన చుట్టూ ముళ్ళకంప కొట్టాక మళ్ళీ రాలేదు. కానీ నాన్నకు ఆ ఒక్కసారే చాలింది. పంట రక్షణ పేరుతో దరఖాస్తు పెట్టి, తెలిసినవాళ్ళందరినీ పట్టుకుని, మొత్తానికి లైసెన్సు తెచ్చుకున్నాడు. దాంతో మా వరండాలో సభలు మొదలయ్యాయి. ఏ తుపాకీ కొనాలి అన్నదే విషయం. అమ్మ రోజూ సాయంత్రం రెండోసారి డికాషన్ వేయవలసి వచ్చేది.

సభకు పెద్ద మేజర్ అంకుల్. మా పక్కింటాయన. పొడుగాటి మనిషి, పాలిష్ చేసిన బూట్లు, బూట్లలాగే మెరిసే మీసం. "ప్రసాద్ గారూ, రేంజ్ ముఖ్యం" అనేవాడు. "రేంజ్ లేని రైఫిల్ చేతికర్రతో సమానం."

"ఎంత రేంజ్ ఉండాలంటారు సార్?" అని నాన్న.

"ఎంతుంటే అంత!"

మా తోటలో ఈ చివర నిలబడి పిలిస్తే ఆ చివర పనిచేస్తున్నవాళ్ళు పలుకుతారు. ఈ మాట అమ్మ ఒకసారి కాఫీ గ్లాసులు తీసుకెళ్తూ అంది కూడా. మేజర్ అంకుల్ నవ్వి, "మేడం, ఇది మీ వంటింటి సబ్జెక్టు కాదండీ" అన్నాడు. మేజర్ అంకుల్ సైన్యంలో పనిచేసింది సరుకుల విభాగంలో అని మాకు తర్వాత తెలిసింది. ఎక్కడో మంచు కొండల్లో ఉన్నవాళ్ళకు పప్పు, బియ్యం, గోధుమపిండి చేరవేయడం చిన్న పనేం కాదు. నేను దాన్ని తక్కువగా చూడను. తక్కువగా చూసింది ఆయనే. అందుకే ముప్పయ్యేళ్ళు చేసిన పని ఊసెత్తకుండా, చేయని పని గురించి మా వరండాలో ఉపన్యాసాలు ఇచ్చేవాడు.

నాన్న చేసిన పొరపాటు ఆ కాలనీలో ఉన్నవాళ్ళు తప్ప ఇంకెవరూ చేయరు. ఇంతమంది సైనికులు చుట్టూ ఉండగా తుపాకీ గురించి తెలియకపోవడం ఏమిటనుకున్నాడు. నిజానికి వాళ్ళలో ఒక్కరు కూడా బతుకులో తుపాకీని ఎంచుకోలేదు. సైన్యం చేతికిచ్చింది పట్టుకున్నారు, ఇచ్చెయ్యమన్న రోజు ఇచ్చేశారు. హాస్టల్లో తిని పెరిగినవాణ్ణి ఏ బియ్యం కొనాలని అడిగినట్టు ఉంది వ్యవహారం. అయినా ఒక్కరూ "నాకు తెలియదు" అనలేదు. ఒకరు బరువుగా ఉండాలన్నారు, ఒకరు గొట్టం పొడుగ్గా ఉండాలన్నారు. మా నాన్న పొట్టి మనిషి, చేతులు ఇంకా పొట్టి. ఇది మాత్రం ఎవరికీ కనిపించలేదు. మొదటి తుపాకీ కొనేవాడు అడగవలసింది నిజానికి ఎంత? ఇది నా భుజానికి సరిపోతుందా? తగలకపోతే తూటా ఎక్కడికి పోతుంది? ఆ రెండూ తప్ప అన్నీ అడిగారు.

కొనడానికి ముహూర్తం పెట్టించారు. దసరా ముందు ఒక గురువారం, పదకొండు దాటాక మంచి ఘడియ అన్నారు పంతులుగారు. నాన్న, మేజర్ అంకుల్, నేను సికింద్రాబాద్ బజారులో ఒక పాత దుకాణానికి వెళ్ళాం. మొదటి అంతస్తులో ఉండేది. లోపల నూనె, పాత చెక్క, కలరా ఉండల వాసన. గోడకు ఎప్పటిదో జింక తల ఒకటి, దాని ఒక కన్ను ఊడిపోయి ఉంది. దుకాణం ఆయన మమ్మల్ని చూసి, "సార్, పహెలీ బార్ తీస్కుంటున్రా?" అన్నాడు.

"అబ్బే, అలవాటే" అన్నాడు నాన్న.

నేను తలెత్తి చూశాను. ఆయన నా వైపు చూడలేదు. దుకాణం ఆయన నాన్నని కింది నుంచి పై వరకు ఒకసారి చూసి, చిన్న రైఫిల్ ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. "గిది మంచిగుంటది సార్. హల్కా, బరువుండదు. భుజాన్ని తన్నదు."

మేజర్ అంకుల్ దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని ఎత్తి, "పిట్టలు కొట్టుకునే పిల్లలకు ఇవ్వవయ్యా ఇది" అన్నాడు. నాన్న వెంటనే నవ్వాడు. మేజర్ అంకుల్ ఏమన్నా ముందు నవ్వడం ఆయనకు అలవాటు. దుకాణం ఆయనకు మాత్రం ఏం పోయింది? ఖరీదైనది అమ్ముడుపోతుంటే అడ్డుపడతాడా? పెద్దది తీశాడు. నాన్న దాన్ని భుజానికి ఆనించుకుంటే గడ్డం పక్కకు వంగింది, ముందు చెయ్యి గొట్టం కింది చెక్కను సగమే అందుకుంది. బట్టల కొట్లో అద్దం ముందు వదులు కోటు వేసుకున్న పెళ్ళికొడుకులా ఉన్నాడు. "రెండు రోజులల్ల అలవాటైతది సార్" అన్నాడు దుకాణం ఆయన. "ఎంత దూరం పోతుంది?" అని నాన్న అడిగాడు. భయంతో కాదు, గర్వంగా. ఆయన చెప్పిన దూరం విని ముగ్గురూ సంతోషించారు.

ఇంటికి తెచ్చాక ఆయుధపూజ రోజు దాన్ని పీట మీద, స్కూటరు తాళాలకీ అమ్మ కత్తిపీటకీ మధ్య పెట్టారు. బొట్టు ఎక్కడ పెట్టాలో అమ్మకు తెలియలేదు. చెక్క మీద పెట్టు, ఇనుము మీద పసుపు నీళ్ళు పడితే తుప్పు పడుతుందని నాన్న కంగారు పడ్డాడు. కత్తిపీటకు ఏళ్ళుగా పసుపు రాస్తున్నా ఏమీ కాలేదని అమ్మ అంది. పూజ అయ్యాక రైఫిల్‌కి ఇంట్లో చోటు వెతికారు. తాళం ఉన్నది ఒక్క బీరువాకే. అది అమ్మది. ఆమె పట్టుచీరలు ఒక పక్కకు జరిపి అందులో నిలబెట్టారు. ఆ తర్వాత మేము ఏ పెళ్ళికి వెళ్ళినా అమ్మ దగ్గర తుపాకీ నూనె వాసన వచ్చేది. మా పిన్ని ఒకసారి ముక్కు ఎగబీల్చి, "ఏంటక్కా, బావగారి మోటార్లు చీరల్లో చుట్టుకొస్తున్నావా?" అంది. అమ్మ నవ్వి కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది.

దసరా మర్నాడు తోటకు బయల్దేరాం. మొదటి తూటా శుభంగా పేలాలని అమ్మనీ నన్నూ కూడా తీసుకెళ్ళారు. వడియాలు పెట్టడానికి అమ్మ కొనిపెట్టుకున్న బూడిద గుమ్మడికాయని నాన్న మేజర్ అంకుల్ కారు డిక్కీలో వేసుకున్నాడు. దాన్ని గట్టు మీద పెట్టి కొంత దూరంలో నిలబడ్డారు. మేజర్ అంకుల్ వెనక నుంచి నాన్న భుజాలు సర్దుతూ, "ఊపిరి బిగపట్టండి, ఊపిరి బిగపట్టండి" అంటున్నాడు. నాన్న ఊపిరి బిగపట్టి చాలాసేపు ఉన్నాడు, ముఖం ఎర్రబడింది. అప్పుడు పేలింది. చెట్ల మీద కొంగలన్నీ ఒకేసారి లేచాయి. నాన్న రెండడుగులు వెనక్కి వచ్చి మేజర్ అంకుల్ బూటు తొక్కాడు. గుమ్మడికాయ ఎక్కడున్నది అక్కడే ఉంది, బూడిద కూడా రాలకుండా.

మగవాళ్ళిద్దరూ చర్చలో పడ్డారు. గురి కొంచెం పైకి లేచిందని ఒకరు, గాలి అని ఒకరు. ఆకు కూడా కదలడం లేదు. అమ్మ గుమ్మడికాయని చూడటం లేదు. గట్టు అవతలికి చూస్తోంది. "ఏవండీ, మరి అది ఎక్కడికి పోయినట్టు?" అంది.

"ఏది?"

"మీరు కాల్చింది."

నాన్న మేజర్ అంకుల్ వైపు చూశాడు. "ఎక్కడో మట్టిలో దిగి ఉంటుంది మేడం" అన్నాడు ఆయన. ఆ గట్టు ఎత్తు గుమ్మడికాయని నిలబెట్టేంతే. దాని వెనక నేల పల్లంగా దిగుతుంది. పల్లంలో పత్తి చేలు, వాటి అవతల ఊరు.

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. గట్టు ఎక్కి, కొత్త చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, పల్లంలోకి దిగింది. నాకు తెలిసి అమ్మ అంత వేగంగా ఎప్పుడూ నడవలేదు. అంత గట్టిగా నా చెయ్యి ఎప్పుడూ పట్టుకోలేదు. వెనక నుంచి నాన్న, "ఎక్కడికే? ఎండలో పిల్లని తీసుకుని!" అని అరుస్తున్నాడు. ఆయన మాత్రం రాలేదు. చేతిలో ఉన్నదాన్ని ఎక్కడ పెట్టాలో ఆయనకు తెలియదు.

పత్తి ఏరుతున్న ఆడవాళ్ళు మమ్మల్ని చూసి నడుములు ఎత్తారు. అందరిలో పెద్దావిడ, "ఏమైందమ్మా, గట్ల ఉరికొస్తున్నవ్?" అంది.

"అందరూ ఉన్నారా?" అంది అమ్మ.

వాళ్ళు ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. "ఎవరమ్మా అందరు?"

"మీరంతా. ఎంతమంది వచ్చారో అంతమందీ ఉన్నారా?"

ఒక పడుచు పిల్ల నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దావిడ మాత్రం నవ్వలేదు. "గిందాక సప్పుడైంది, మీరేనా? పటాకులు కాల్చిన్రా?"

"ఆఁ. పటాకులే."

"దసరకు పటాకులేందమ్మా" అంటూ ఆవిడ చుట్టూ చూసింది. "అందరం ఉన్నం. మా లచ్చి ఒక్కతే నీళ్ళకు పోయింది. అస్తది."

అమ్మ ముఖం నాకు ఇప్పటికీ కళ్ళముందు ఉంది. "ఎటు వెళ్ళింది?" అని అడిగితే ఆవిడ చెయ్యి చూపించింది. నాన్న నిలబడ్డ చోటు నుంచి గుమ్మడికాయ మీదుగా గీత గీస్తే అది ఆ చెయ్యి చూపించిన వైపే వెళ్తుంది. అమ్మ ఆ చేను గట్టు మీద, మట్టిలో, కొత్త చీరతో అలాగే కూర్చుంది. నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. ఒళ్ళో కూర్చునే వయసు దాటిపోయింది నాకు, అయినా వదల్లేదు. వాళ్ళు మళ్ళీ పత్తి ఏరుకోవడంలో పడ్డారు. కాసేపటికి పెద్దావిడ, "ఎందుకమ్మా ఎండల కూసున్నవ్? గా పోరితోని ఏం పని నీకు?" అంది. "ఊరికే. చూసి వెళ్తాను" అంది అమ్మ. ఆమె గుండె కొట్టుకోవడం నా వీపుకు తెలుస్తోంది.

లచ్చి వచ్చింది. నా కంటే రెండు మూడేళ్ళు పెద్దదేమో. బిందె నెత్తిన పెట్టుకుని, దారిలో కోసుకున్న సీతాఫలం తింటూ, గింజలు ఉమ్ముతూ, తీరిగ్గా వచ్చింది. అమ్మ లేచి ఆ పిల్ల గడ్డం పట్టుకుని ముఖం ఇటూ అటూ తిప్పి చూసింది. ఆ పిల్ల భయపడి పెద్దావిడ వెనక్కి వెళ్ళింది. "తలకాయ జెర మంచిగ లేనట్టుంది పాపం" అని ఎవరో గొణిగారు. అమ్మకి వినిపించింది. పట్టించుకోలేదు. తిరిగి వచ్చేటప్పుడు కూడా నా చెయ్యి వదల్లేదు.

మేము వచ్చేసరికి మగవాళ్ళు చాప మీద కూర్చుని పులిహోర తింటున్నారు. నాన్న చొక్కా విప్పి భుజం మీద కమిలిన చోటు మేజర్ అంకుల్‌కి చూపిస్తున్నాడు. "మొదట్లో అందరికీ అంతే, మెడల్ అనుకోండి" అంటున్నాడు ఆయన. ఎక్కడికి వెళ్ళావని నాన్న అడగలేదు. అమ్మ గుమ్మడికాయని ఎత్తి డిక్కీలో పెట్టుకుంది. ఆ ఏడాది వడియాలు బాగా కుదిరాయి. నాన్న ఇష్టంగా తిన్నాడు.

ఆ తర్వాత ఆ రైఫిల్ పేలినట్టు నాకు గుర్తులేదు. అతిథులు వస్తే బయటికి వచ్చేది. వాళ్ళు దాన్ని పట్టుకుని బరువు చూసి "అబ్బో" అనేవాళ్ళు. ఎన్నికలు వస్తే లైసెన్సు ఉన్న తుపాకులన్నీ పోలీస్‌స్టేషన్‌లో అప్పగించాలి. నాన్న దాన్ని పాత దుప్పట్లో చుట్టి ఆటోలో పెట్టుకుని, రోగిని ఆసుపత్రికి తీసుకెళ్తున్నట్టు జాగ్రత్తగా తీసుకెళ్ళేవాడు. ఆ రోజుల్లో అమ్మ పాటలు పాడుకుంటూ పనిచేసుకునేది. ఒకసారి ఎన్నికలు అయిపోయి, తీసుకెళ్ళమని కబురు వచ్చింది. నాన్న బయల్దేరబోతే, "ఇవాళ అష్టమి కదండీ" అంది అమ్మ. మర్నాడు నవమి. ఆ తర్వాత వర్జ్యం. ఆ తర్వాత అమావాస్య, ఆ పైన మూఢం. కొనేటప్పుడు ఘడియ చూసి కొన్న వస్తువుని తెచ్చేటప్పుడు ఘడియ చూడకుండా ఎలా తెస్తారని అడిగితే నాన్న చెప్పులు విప్పి లోపలికి వచ్చేసేవాడు. మూఢం వెళ్ళేసరికి మేజర్ అంకుల్ ఇల్లు అమ్మేసి కొడుకు దగ్గరికి పుణె వెళ్ళిపోయాడు. చూసి మెచ్చుకునే మనిషి లేకపోయేసరికి నాన్నకు కూడా దాని మీద మోజు పోయింది. చివరికి ఆ దుకాణం ఆయనకే అమ్మేసి లైసెన్సు వదులుకున్నాడు. ఇవన్నీ ఆయనకు గుర్తులేవు. పంది మాత్రం గుర్తుంది.

ఆదివారం అంట్లు సర్దుతూ అమ్మని అడిగాను. "నువ్వెందుకు మాట్లాడవు? లచ్చి సంగతి చెప్పొచ్చు కదా."

"చెప్తే మాత్రం? ఆ పిల్ల బాగానే వచ్చింది కదా అంటారు" అంది అమ్మ.

నిజమే. వాళ్ళ లెక్కలో ఎవరూ చావకపోతే ఏమీ జరగనట్టే. అప్పటికీ ఇప్పటికీ పెద్ద తేడా ఏం చూడమంటారు? నాన్న కనీసం మనుషుల్ని అడిగాడు, తెలియనివాళ్ళయినా సరే, కాఫీ ఇచ్చి అడిగాడు. శ్రవణ్ ఫోన్‌ని అడుగుతాడు. మంచం మీద పడుకుని, టోపీలు పెట్టుకున్న విదేశీయులు దుప్పుల్ని కొట్టే వీడియోలు చూస్తాడు. మొదటిసారి కొనేవాళ్ళకు ఏది మంచిదో వాళ్ళ యాసలోనే నాకు చెప్తాడు. "లాకర్ల పెడ్తనే. తూటాలు వేరే పెడ్తా. నువ్వు ఊకె పరేషాన్ అయితవ్" అంటాడు. లాకరు తాళంచెవి ఎక్కడ పెడతావంటే, ఇప్పటిదాకా కారు తాళంచెవి ఎక్కడ పెట్టాడో నన్నే అడిగే మనిషి, "నాకు యాదుంటది" అంటాడు.

నిన్న సాయంత్రం లైసెన్సు విచారణకు కానిస్టేబుల్ వచ్చాడు. మధ్యవయసు మనిషి, చేతిలో అట్ట, దాని మీద కాగితాలు. శ్రవణ్ ఆయనకు చల్లని నీళ్ళిచ్చి, ఫ్యాను వేగం పెంచి, వినయంగా కూర్చున్నాడు. మేఘ వచ్చి ఆయన జేబులోంచి పెన్ను లాగేసింది. ఆయన నవ్వుతూ వెనక్కి తీసుకుని ఒక్కొక్కటే అడిగాడు. కేసులు గిట్ల ఉన్నయా, తాగే అలవాటుందా, చుట్టుపక్కల వాళ్ళతో కొట్లాటలు గిట్ల? శ్రవణ్ అన్నిటికీ "లేదు సార్" అన్నాడు. చివరికి ఆయన నా వైపు తిరిగి, "మేడం, మీకేమన్న అభ్యంతరం ఉన్నదా?" అని అడిగి, జవాబు వచ్చేసినట్టే పెన్ను కాగితం మీద పెట్టాడు.

"ఉంది" అన్నాను.

పెన్ను ఆగిపోయింది. శ్రవణ్ నవ్వి, "తమాషా చేస్తది సార్" అన్నాడు.

"తమాషా కాదండీ. ఉంది. రాసుకోండి."

కానిస్టేబుల్ మా ఇద్దరినీ చూశాడు. "ఏందమ్మా, ఇంట్ల ఏమన్న తక్లీఫ్ ఉందా? కొడ్తడా?"

"లేదండీ. మంచి మనిషి. గురి లేదు, అంతే. మా పుట్టింట్లోనూ లేదు, ఇక్కడా లేదు. అదే రాయండి."

ఆయనకు నవ్వు వచ్చింది. కానీ రాశాడు. ఏం రాశాడో చదివి వినిపించమన్నాను. భార్యకు అభ్యంతరం కలదు, ఇంట్లో చిన్న పాప ఉన్నది అని చదివాడు. నేను అన్న మాట కంటే అదే బాగుంది. సంతకం పెట్టాను. మా అమ్మని ఈ ప్రశ్న అప్పట్లో ఎవరూ అడగలేదు. అడగవలసినవాళ్ళు వచ్చిన రోజు ఆమె లోపల వాళ్ళకే కాఫీ కలుపుతూ ఉంది.

ఆయన వెళ్ళాక శ్రవణ్ తలుపు వేసి, "గిట్లనా పరువు తీసేది? బయటోళ్ళ ముందల?" అన్నాడు. రాత్రికల్లా నాన్న ఫోన్. "ఏంటమ్మా, అల్లుడి ముచ్చట చెడగొట్టావట!" నేను మేఘకు అన్నం పెడుతున్నానని చెప్పి పెట్టేశాను. శ్రవణ్ అప్పటి నుంచి నాతో మాట్లాడటం లేదు. కంచంలో ఉన్నది తిని, ఫోన్ పట్టుకుని అటు తిరిగి పడుకున్నాడు. ఇలా ఎన్ని రోజులు ఉంటాడో తెలియదు. ఉండనీ. అలిగిన మనిషిని పాపకు అందకుండా తాళం వేసి దాచనక్కర్లేదు.